బొగ్గుగుట్టలపై జీవకళ

భూగర్భంలో కోట్ల సంవత్సరాలుగా దాగి ఉన్న బొగ్గును మానవుడు వెలికి తీసినప్పుడు దానితో పాటు మరొక పదార్థం కూడా పైకి వస్తుంది. దానిని ఎవరూ కోరుకోరు, ఎవరూ కొనరు. బొగ్గు పొరలకు పైన, కింద, నడుమ అంటిపెట్టుకొని ఉండే పలకరాయి, ఇసుకరాయి, గట్టిపడిన బంకమన్ను, అక్కరకు రాని బొగ్గుపొడి కలగలిసిన ఆ వ్యర్థాన్ని గని పక్కనే గుట్టగా పోస్తారు. గని నడిచినంత కాలం గుట్ట పెరుగుతూనే ఉంటుంది. గని మూతపడిన తరువాత యంత్రాలు తరలిపోతాయి, కార్మికులు వలసపోతారు, గుట్ట మాత్రం మిగిలిపోతుంది. అటువంటి గుట్టను చూసినవారు దానిని చచ్చిన నేల అనే అనుకుంటారు. అది ఎంతవరకు నిజమో తెలుసుకోవాలంటే ప్రపంచంలోని అతి పురాతన బొగ్గుసీమల్లో ఒకటైన సౌత్ వేల్స్ కథ వినాలి.

గ్రేట్ బ్రిటన్ ద్వీపానికి పడమటి అంచున ఉన్న కొండల దేశం వేల్స్. దాని దక్షిణ భాగంలో ఉత్తరం నుంచి సముద్రం వైపు వేళ్ళలా చాచుకొని ఇరుకైన లోయలు ఉన్నాయి. రోంద, సైనన్, టాఫ్ వంటి ఆ లోయల కింద దొరికే బొగ్గు ఆవిరి ఓడలకు శ్రేష్ఠమైనదిగా పేరు పొందింది. 1913వ సంవత్సరంలో ఈ ఒక్క ప్రాంతమే సుమారు 5 కోట్ల 70 లక్షల టన్నుల బొగ్గును ఉత్పత్తి చేసింది. అప్పుడు గనులలో పనిచేసిన వారి సంఖ్య రెండు లక్షలకు పైమాటే. అదే సంవత్సరం అక్టోబరు 14న సెంఘెనిద్ గనిలో సంభవించిన పేలుడులో 439 మంది గని కార్మికులు మరణించారు. బ్రిటన్ గనుల చరిత్రలో అంతకు మించిన ప్రాణనష్టం మరొకటి లేదు. సంపద, మృత్యువు ఒకే బాయిలోంచి పైకి వచ్చిన రోజులవి. లోయలు ఇరుకు కావడం వల్ల ఇళ్ళన్నీ అడుగున బారులు తీరాయి. వ్యర్థాన్ని పోయడానికి కొండవాలులు తప్ప మరో చోటు లేకపోయింది. ఊరి నెత్తిన గుట్ట ఉండటం అక్కడివారికి అలవాటైపోయింది.

ఆ అలవాటు ఎంత ప్రమాదకరమో 1966 అక్టోబరు 21న లోకానికి తెలిసింది. టాఫ్ లోయలోని అబర్‌వాన్ గ్రామానికి ఎగువన ఏడు గుట్టలు ఉండేవి. వాటిలో ఏడవదానిని నీటి ఊటల మీద పోశారు. వరుస వర్షాలకు నాని బరువెక్కిన ఆ గుట్ట శుక్రవారం ఉదయం తొమ్మిదింబావు వేళ జారి, నల్లని బురద ప్రవాహమై గ్రామం మీద పడింది. పాంట్‌గ్లాస్ ప్రాథమిక పాఠశాలలో పిల్లలు అప్పుడే తరగతి గదులలో కూర్చున్నారు. మరి కొన్ని గంటలు గడిస్తే వారికి సెలవులు. మొత్తం 144 మంది చనిపోయారు. వారిలో 116 మంది పిల్లలే. గని కార్మికులైన తండ్రులు, తాము తవ్విపోసిన మట్టిని తమ చేతులతోనే తోడుతూ బిడ్డల కోసం వెతికారు.

విచారణ సంఘం ఈ ఘోరానికి బాధ్యత నాటి జాతీయ బొగ్గు బోర్డుదేనని తేల్చింది. మిగిలిన గుట్టలను తొలగించాలని గ్రామస్థులు పట్టుబట్టారు. ప్రభుత్వం అంగీకరించింది కానీ, బాధితుల కోసం ప్రజలు ఇచ్చిన విరాళాల నిధి నుంచే ఆ ఖర్చుకు లక్షా యాభై వేల పౌండ్లు తీసుకున్నది. చనిపోయిన పిల్లల పేరిట వచ్చిన డబ్బుతో, వారిని చంపిన గుట్టను తొలగించడం! ఆ సొమ్మును 1997లో గాని తిరిగి చెల్లించలేదు. 1969లో గుట్టల భద్రత కోసం ప్రత్యేక చట్టం వచ్చింది. గుట్టల పట్ల జనం మనసులో నాటుకున్న భయానికి, అసహ్యానికి ఈ నేపథ్యం ఉన్నదని గుర్తుంచుకోవాలి. ఈ వ్యాసంలో తరువాత వచ్చే విషయాలన్నీ ఆ నీడలోనే చదవవలసి ఉంటుంది.

అబర్‌వాన్ తరువాత అనేక గుట్టలను చదును చేశారు. వాలు తగ్గించి, కాలువలు తవ్వి, పైన సారవంతమైన మట్టి పరచి, ఎరువు వేసి, రై గడ్డి, క్లోవర్ విత్తనాలు చల్లారు. కొన్ని చోట్ల సూదిమొనల ఆకులుండే శంకుధారి వృక్షాలను నాటారు. నలుపు మాయమై పచ్చదనం వచ్చింది. గొర్రెలు మేశాయి. భద్రత దృష్ట్యా ఆ పని అవసరమైనదే. కానీ దూరం నుంచి చూసేవారికి ఆహ్లాదం కలిగించిన ఆ పచ్చదనం దగ్గరికి వెళ్ళి చూస్తే రెండు మూడు రకాల గడ్డి తప్ప మరేమీ లేని తివాచీ. సీతాకోకచిలుకకు అందులో తేనె లేదు, పక్షికి పురుగు లేదు.

ఇదే సమయంలో, డబ్బు చాలకనో, ప్రమాదం లేదనుకొనో, ఎవరూ పట్టించుకోకనో కొన్ని గుట్టలు అలాగే మిగిలిపోయాయి. రోంద లోయలలో చివరిదైన మార్డీ గని 1990 డిసెంబరులో మూతపడింది. ఒకదాని వెంట ఒకటిగా పెద్ద గనులన్నీ మూతపడ్డాయి. కార్మికులు తమ సొమ్ముతో 1995లో కొని నడుపుకొన్న టవర్ గని కూడా 2008లో ఆగిపోయింది. జనం ఉపాధి వెతుక్కునే బాధలో ఉన్నారు. గుట్టల మీద ఏం జరుగుతున్నదో చూసే తీరిక ఎవరికీ లేదు. ఆ మూడు నాలుగు దశాబ్దాలలో అక్కడ జరిగిన మార్పును ఒక క్రమపద్ధతిలో లెక్కకట్టడానికి పూనుకొన్నవారిలో ముఖ్యుడు లియామ్ ఓల్డ్స్ అనే యువ కీటక శాస్త్రవేత్త. ఆయన 2015లో బొగ్గుగుట్టల జీవవైవిధ్య అధ్యయనానికి ఒక ప్రత్యేక కార్యక్రమాన్ని ప్రారంభించాడు. వలలు, గాజు సీసాలు, భూతద్దం పట్టుకొని గుట్ట తరువాత గుట్ట ఎక్కాడు. ఆ సర్వేలలో నమోదైన వెన్నెముక లేని జీవుల జాతులు తొమ్మిది వందలకు పైగా ఉన్నాయి. వాటిలో గణనీయమైన భాగం బ్రిటన్‌లో అరుదైనవి, సంరక్షణ అవసరమైనవి. చచ్చినదనుకొన్న నేల మీద ఇంత జీవం ఎలా వచ్చింది?

దీనికి సమాధానం మన సహజ బుద్ధికి విరుద్ధంగా తోస్తుంది. ఆ గుట్టల పేదరికమే వాటి ఐశ్వర్యం. రైతుకు నేల ఎంత సారవంతంగా ఉంటే అంత మంచిది. కానీ సారవంతమైన నేలలో బలమైన గడ్డి జాతులు ఏపుగా పెరిగి, నెమ్మదిగా ఎదిగే చిన్న మొక్కలకు వెలుతురు దక్కకుండా చేస్తాయి. బలవంతుడి పొలంలో బలహీనుడికి చోటుండదు. బొగ్గు వ్యర్థంలో నత్రజని, భాస్వరం అత్యల్పం. అక్కడ ఆ బలమైన గడ్డి నిలవలేదు. ఫలితంగా పోటీలో ఎప్పుడూ ఓడిపోయే సన్నకారు మొక్కలకు అక్కడ నిలువ నీడ దొరికింది. పైగా గుట్ట అంతా ఒకేలా ఉండదు. ఒకచోట ఆమ్ల గుణం, పది అడుగుల దూరంలో సున్నపు గుణం. ఒక పక్క ఎండిన రాతిచెక్కలు, మరొక పక్క నీరు నిలిచిన గుంట. ఇంత చిన్న జాగాలో ఇన్ని రకాల నేలలు సహజమైన కొండ మీద కూడా దొరకడం కష్టం.

ఈ నేల మీద మొదట అడుగు పెట్టేవి లైకెన్లు, మాస్ మొక్కలు. లైకెన్ అంటే శిలీంధ్రం, శైవలం కలిసి చేసే ఉమ్మడి కాపురం. మన వంటింట్లో మసాలా దినుసుగా వాడే రాతిపువ్వు ఈ కుటుంబానిదే. వేళ్ళు లేకుండా, మట్టి లేకుండా, గాలిలోని తేమతో బతకగలిగిన ఇవి రాతి మీద పలచని పొరగా పరుచుకుంటాయి. వాటి అవశేషాలతో ఏర్పడిన చిటికెడు మట్టిలో చిన్న చిన్న పూలమొక్కలు మొలుస్తాయి. ఆమ్ల గుణమున్న చోట ఊదారంగు పూల హెదర్ పొదలు, సున్నపు గుణమున్న చోట ఆర్కిడ్లు వస్తాయి. పసుపు పూల బర్డ్స్‌ఫుట్ ట్రెఫాయిల్ అనే చిక్కుడు జాతి మొక్క చాలా గుట్టల మీద కనిపిస్తుంది. దాని కాయలు పక్షి కాలివేళ్ళలా విచ్చుకొని ఉంటాయి కనుక ఆ పేరు వచ్చింది. చిక్కుడు జాతి కావడం వల్ల తనకు కావలసిన నత్రజనిని వేరుబుడిపెలలోని బాక్టీరియా సాయంతో గాలి నుంచే సంపాదించుకుంటుంది. డింగీ స్కిప్పర్ అనే గోధుమరంగు చిన్న సీతాకోకచిలుక దాని ఆకుల మీదే గుడ్లు పెడుతుంది. బ్రిటన్‌లో ఇతరత్రా తగ్గిపోతున్న ఈ సీతాకోకచిలుకకు గని దిబ్బలు, పాత రైలుమార్గాలు వంటి పాడుబడిన స్థలాలే ఆశ్రయమయ్యాయి.

ఇక గుట్ట నలుపు సంగతి. ఎండాకాలంలో నల్ల గొడుగు కింద నడిచినవారికి నలుపు వేడిని ఎంతగా పీల్చుకుంటుందో వేరే చెప్పనక్కరలేదు. తెలుగు నేల మీద అది బాధ. మబ్బులు, చినుకులు, చలిగాలులు నిత్యం ఉండే వేల్స్‌లో అది వరం. దక్షిణానికి తిరిగి ఉన్న నల్లని వాలు కాస్త ఎండ తగిలితే చాలు, చుట్టుపక్కల పచ్చిక కన్నా త్వరగా వేడెక్కుతుంది. కీటకాలు శీతల రక్త జీవులు కనుక వాటికి ఈ వెచ్చదనం ప్రాణాధారం. గ్రేలింగ్ అనే సీతాకోకచిలుక రెక్కలు మూసుకొని నల్లరాళ్ళ నడుమ వాలితే దానిని గుర్తు పట్టడం అసాధ్యం. బల్లులు, కాళ్ళులేని బల్లి జాతికి చెందిన స్లో-వర్మ్‌లు రాళ్ళ మీద ఎండ కాచుకుంటాయి.

అన్నిటికన్నా విశేషం తేనెటీగలది. తేనెటీగ అనగానే మనకు తేనెపట్టు గుర్తుకు వస్తుంది. కానీ బ్రిటన్‌లో ఉన్న సుమారు 270 తేనెటీగ జాతులలో అత్యధికం ఒంటరిగా బతికేవే. వాటికి రాణి లేదు, పట్టు లేదు. ప్రతి ఆడ ఈగా వదులు నేలలో తన బొరియ తానే తవ్వి, పుప్పొడి ముద్ద చేసి, దాని మీద గుడ్డు పెట్టి, మూసి వెళ్ళిపోతుంది. గడ్డి దట్టంగా కప్పిన నేలలో అవి తవ్వలేవు. వట్టిగా, వెచ్చగా, సులభంగా రాలే బొగ్గుగుట్ట వాలు వాటికి సరిగ్గా సరిపోతుంది. ఆంగ్లంలో ఈ ఈగలను ‘గని తవ్వేవి’ అనే అర్థమిచ్చే పేరుతో పిలవడం యాదృచ్ఛికమే. మనుషులు తవ్వడం మానిన చోట ఇవి తవ్వడం మొదలుపెట్టాయి.

మార్డీ గుట్ట మరొక వింతను దాచుకొని ఉన్నది. అక్కడి రాళ్ళ కింద ఒక చిన్న రోకలిబండ దొరికింది. తెలుగు పల్లెలలో వానకాలం గోడల మీద పాకే రోకలిబండకు అది దూరపు చుట్టం. నిపుణులు పరీక్షించి అది అంతకు ముందు బ్రిటన్‌లో ఎన్నడూ కనబడనిదని తేల్చారు. దాని దగ్గరి బంధువులు స్పెయిన్, పోర్చుగల్ దేశాలలో ఉన్నాయి. పరిశీలకులు ముద్దుగా దానికి ‘మార్డీ రాక్షసి’ అని పేరు పెట్టారు. పేరుకు రాక్షసి గాని, చిటికెన వేలి మీద నిలిచే ప్రాణి. మరొక గని గ్రామమైన బెదైలో ఇంకొక రోకలిబండ దొరికింది. అది ఫ్రాన్సులోని పిరెనీస్ పర్వత ప్రాంతానికి చెందిన జాతి. దానిని ‘బెదై మృగం’ అన్నారు. వేల్స్ భాషలో బెదై అంటే సమాధులు అని అర్థం. సమాధుల ఊరిలో బ్రిటన్‌కు కొత్తదైన ప్రాణి బయటపడటం చమత్కారమే.

దక్షిణ ఐరోపా జీవులు వేల్స్ గుట్టలకు ఎలా చేరాయి? దీనిపై ఒక ఊహ ఉన్నది. గనులలో పైకప్పు కూలకుండా నిలబెట్టే కర్రదిమ్మెలు వేల్స్‌లో చాలినన్ని దొరికేవి కావు. బొగ్గు తీసుకొని ఫ్రాన్సు, స్పెయిన్ రేవులకు వెళ్ళిన ఓడలు తిరుగు ప్రయాణంలో దుంగలు మోసుకొచ్చేవి. ఆ దుంగల బెరడు కింద దాక్కొని వచ్చిన ప్రాణులు వెచ్చని గుట్టలలో స్థిరపడి ఉండవచ్చు. ఇది నిజమైతే ఆ రోకలిబండ బొగ్గు వాణిజ్యం రాసిపెట్టిన ఒక జీవించే దస్తావేజు. గుట్టను పూర్తిగా తవ్వి తీసేస్తే ఆ దస్తావేజు కూడా పోతుంది.

గని తవ్వకం నీటిని కూడా మార్చివేస్తుంది. కొన్ని చోట్ల ఆ మార్పు చెరువులను సృష్టించింది. ఇంగ్లండులోని లీడ్స్ నగర సమీపాన సెయింట్ ఎయిడన్స్ అనే ఓపెన్‌కాస్ట్ గని ఉండేది. 1988 మార్చిలో పక్కనే ఉన్న ఎయిర్ నది గట్టు తెగి గనిలోకి దూకింది. నదిని మళ్ళించి, నీరు తోడి, మిగిలిన బొగ్గు తీసేందుకు ఎన్నో ఏళ్ళు పట్టింది. 2002లో తవ్వకం ముగిసిన తరువాత ఆ ప్రదేశాన్ని రెల్లు మడులుగా, చెరువులుగా, పచ్చిక బయళ్ళుగా తీర్చిదిద్దారు. ఇప్పుడది పక్షి సంరక్షణ కేంద్రం. నల్లమెడ గ్రీబ్ అనే, మన మునుగుడుకోడికి దగ్గరి చుట్టమైన అరుదైన పక్షి బ్రిటన్‌లో ముఖ్యంగా గూడు కట్టే చోట్లలో అదొకటి. బొగ్గును తవ్విన బ్రహ్మాండమైన డ్రాగ్‌లైన్ యంత్రాన్ని తీసివేయకుండా అక్కడే నిలబెట్టారు. దానికి కొద్ది దూరంలో ఉన్న ఫెయిర్‌బర్న్ ఇంగ్స్‌లో భూగర్భ గనులు కుంగి నేల గుంటలు పడటం వల్ల చెరువులు ఏర్పడ్డాయి. 2017లో అక్కడ తెడ్డుమూతి కొంగలు గూడు కట్టాయి. వేల్స్ గుట్టల గుంటలలోనైతే గ్రేట్ క్రెస్టెడ్ న్యూట్ అనే తోకగల ఉభయచరం నివసిస్తుంది. పాడుబడిన సొరంగాలలో గబ్బిలాలు శీతాకాలమంతా నిద్రిస్తాయి. మన తీతువుకు జ్ఞాతి అయిన లాప్‌వింగ్ గులకరాళ్ళ మధ్య గుడ్లు పెడుతుంది.

ఇదంతా చదివి గనులు ప్రకృతికి మేలు చేస్తాయని భావించడం పెద్ద పొరపాటు. బొగ్గుతో పాటు ఉండే పైరైట్ అనే గంధకపు ఖనిజం గాలి, నీరు తగిలితే గంధకామ్లాన్ని పుట్టిస్తుంది. పాత గనుల నుంచి ఊరే నీరు ఇనుము కరిగి ఇటుక రంగులో పారుతుంది. అది చేరిన వాగులో చేప బతకదు. గని వల్ల పోయిన పాత అడవి, పాత చిత్తడి నేల నలభై ఏళ్ళలో తిరిగి రావు. గుట్టల మీద ఇప్పుడు కనబడుతున్న సంపద చాలావరకు ఇతర చోట్ల నుంచి తరిమివేయబడిన జీవుల శరణాలయం. పొలాలలో ఎరువులు పెరిగి, పూల పచ్చికలు మాయమై, కీటకాలకు మరెక్కడా చోటు లేకపోవడం వల్లనే అవి బొగ్గు దిబ్బలను ఆశ్రయించాయి. 2007లో బ్రిటన్ తన ప్రాధాన్య ఆవాసాల జాబితాలో, పూర్వం పరిశ్రమలకు వాడి వదిలేసిన బహుళరూప ఖాళీ స్థలాలను కూడా చేర్చింది. పాడునేల అనే మాటకు చట్టం దృష్టిలో అర్థం మారిన సందర్భమది.

ఆ ఆవాసం తనంతట తాను శాశ్వతంగా నిలిచేది కూడా కాదు. ఏళ్ళు గడిచే కొద్దీ మట్టి పోగై, తుప్పలు పెరిగి, బిర్చ్ చెట్లు నీడ కమ్ముతాయి. నీడ పడితే వెచ్చని వట్టినేల పోతుంది, దానితో పాటు ఒంటరి తేనెటీగలూ పోతాయి. కనుక అక్కడక్కడ నేలను గీకి ఉంచడం, పరిమితంగా గుర్రాలను, పశువులను మేపడం అవసరమవుతుంది. కుర్రవాళ్ళు మోటారుసైకిళ్ళతో గుట్టలు ఎక్కి చేసే అల్లరిని అందరూ ఈసడిస్తారు. ఆ అల్లరి మితిమీరితే నష్టమే. అయినా ఆ చక్రాల చాళ్ళలో తేనెటీగలు బొరియలు చేసుకోవడం కీటక పరిశీలకులు గమనించకపోలేదు. చెట్లు నాటితే చాలు, ప్రకృతి బాగుపడినట్లే అనే మాట ఇక్కడ చెల్లదు.

తెలుగువారికి బొగ్గు కొత్తది కాదు. 1871లో భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతంలో బొగ్గు నిక్షేపాలను గుర్తించాడు. 1889 నుంచి తవ్వకం సాగింది. గోదావరి లోయ పొడవునా కొత్తగూడెం, మణుగూరు, భూపాలపల్లి, రామగుండం, మంచిర్యాల, బెల్లంపల్లి పట్టణాల బతుకు సింగరేణితో ముడిపడి ఉన్నది. అక్కడి జనం గనిని ‘బాయి’ అంటారు. 1975లో రామగుండంలో తొలి ఓపెన్‌కాస్ట్ గని మొదలైన తరువాత బాయిల స్థానాన్ని క్రమంగా ఈ బహిరంగ గనులు ఆక్రమించాయి. బొగ్గు మీద ఉన్న మట్టినంతా ఎత్తి పోయడంతో పుట్టినవే ‘ఓబీ గుట్టలు’. వీటి మీద సింగరేణి సంస్థ ఏటా మొక్కలు నాటిస్తున్నది. వేల్స్‌కూ ఇక్కడికీ తేడాలు ఎన్నో. అక్కడ చలి, ఇక్కడ మండుటెండ. అక్కడ నల్లని వాలు కీటకాలకు వెచ్చని పడక. ఇక్కడ వేసవి మధ్యాహ్నం అదే వాలు పెనం. అక్కడ ఏడాది పొడవునా జల్లు, ఇక్కడ నాలుగు నెలల కుండపోత వానకు వాలు మీది మట్టి కొట్టుకుపోయి వాగులలో, పొలాలలో మేట వేస్తుంది. కనుక ఇక్కడ గుట్టను వట్టిగా వదిలేయమనడం అవివేకం. అయితే ఒకే జాతి చెట్లను బారులుగా పెంచి దానిని అడవి అనుకోవడం కూడా అంతే. నీలగిరి తోటలో పిట్ట వాలదని పల్లెటూరి పశులకాపరి కూడా చెబుతాడు.

ఈ విషయంలో మన దేశంలోనే ఒక మంచి ప్రయత్నం జరిగింది. జార్ఖండ్‌లోని ధన్‌బాద్ సమీపాన తేతుల్‌మారి వద్ద గని వ్యర్థాల దిబ్బపై ఢిల్లీ విశ్వవిద్యాలయానికి చెందిన వృక్ష శాస్త్రవేత్త ఆచార్య సి.ఆర్. బాబు మార్గదర్శకత్వంలో స్థానిక జాతులతో అడవిని పునరుద్ధరించే పని చేపట్టారు. ముందు నేలను పట్టి ఉంచే గడ్డి, తరువాత పొదలు, ఆపైన చెట్లు. అడవి ఏ వరుసలో పుడుతుందో ఆ వరుసనే అనుసరించడం అందులోని కిటుకు. గడ్డి వేళ్ళు వాన నీటిని నిలిపితే పొద బతుకుతుంది. పొద నీడలో రాలిన విత్తనం చెట్టవుతుంది. పూలు పూస్తే కీటకాలు, కీటకాలుంటే పిట్టలు, పిట్టల రెట్టల వెంట మరికొన్ని విత్తనాలు వస్తాయి. నాటిన మొక్కల లెక్క కన్నా నాటకుండా మొలిచిన మొక్కల లెక్క అక్కడ ఎక్కువ విలువైనది.

జీవం తిరిగి వస్తే అది అన్నివేళలా సీతాకోకచిలుక రూపంలోనే రాదు. తెలంగాణకు పొరుగున ఉన్న మహారాష్ట్రలోని చంద్రపూర్ పట్టణం చుట్టూ బొగ్గు గనులు, వాటిని ఆనుకొని పెద్ద థర్మల్ విద్యుత్ కేంద్రం ఉన్నాయి. గని మట్టిగుట్టల మీద సర్కారు తుమ్మ దట్టంగా అల్లుకుపోయింది. సమీపంలోని తాడోబా అడవుల నుంచి పులులు, చిరుతలు ఆ తుప్పలలోకి వచ్చి నివాసం ఏర్పరచుకున్నాయి. వాటికి అక్కడ నీడ, నీరు, అడవి పందుల వంటి ఆహారం దొరుకుతాయి. మనుషులు కూడా అక్కడే ఉంటారు. 2022 ఫిబ్రవరిలో ఆ విద్యుత్ కేంద్రం పరిసరాలలో ఒక కార్మికుడు పులి బారిన పడి మరణించాడు. తాడోబా పులులే నదులు దాటి ఆసిఫాబాద్, కాగజ్‌నగర్ అడవులకు వస్తాయి. 2012లో ఏర్పడిన కవ్వాల్ పులుల అభయారణ్యానికి వాటి రాకే ఆశ. ఆ దారి బొగ్గుసీమకు ఆనుకొనే ఉన్నది. రాత్రి షిఫ్టు ముగించుకొని సైకిల్ మీద ఇంటికి వెళ్ళే కార్మికుడికి పులి తిరిగి వచ్చిందన్న వార్త సంతోషం కాదు. ఆ భయాన్ని అజ్ఞానమని కొట్టిపారేయడానికి వీల్లేదు. గుట్ట మీద ఏ మొక్కలు పెరగాలి, తుప్పలు ఊరికి ఎంత దూరంలో ఉండాలి, దారిలో దీపాలు ఉండాలా అనేవి అడవి ప్రశ్నలు మాత్రమే కావు, బతుకు ప్రశ్నలు.

వేల్స్‌లోనూ భయం మళ్ళీ తలుపు తట్టింది. 2020 ఫిబ్రవరిలో డెన్నిస్ తుఫాను కుండపోత వర్షాలకు రోంద లోయలోని టైలర్స్‌టౌన్ ఎగువన పాత గుట్ట ఒకటి జారి నదిలో పడింది. అదృష్టవశాత్తు ఎవరికీ ప్రాణహాని జరగలేదు. కానీ ఆ దృశ్యం చూసిన వృద్ధులకు అబర్‌వాన్ గుర్తుకు వచ్చింది. ప్రభుత్వం లెక్క తీయగా దేశంలో రెండువేల ఐదు వందలకు పైగా పాత బొగ్గుగుట్టలు తేలాయి. వాటిలో మూడు వందలకు పైగా గుట్టలను తరచుగా తనిఖీ చేయవలసిన వర్గంలో చేర్చారు. వాతావరణ మార్పుల వల్ల వానలు ఉధృతమవుతున్న కొద్దీ ఈ బెడద పెరుగుతుందే గాని తగ్గదు. పాత గుట్టల పర్యవేక్షణకు 2025లో వేల్స్ కొత్త చట్టాన్ని చేసుకున్నది.

ఇప్పుడు ఒకే గుట్ట మీదికి ఇద్దరు ఎక్కుతున్నారు. ఇంజనీరు నీటి ఊటలను, పగుళ్ళను, పూడిన కాలువలను చూస్తాడు. కీటక శాస్త్రవేత్త దక్షిణపు వాలులో సూది బెజ్జాల వంటి బొరియలను చూస్తాడు. ఊరి మీద పడే ప్రమాదమున్న గుట్టను తొలగించక తప్పదని రెండవవాడు కూడా ఒప్పుకుంటాడు. న్యూట్లు, గబ్బిలాలు ఉన్నచోట అనుమతి లేకుండా తవ్వరాదన్న చట్టాన్ని మొదటివాడు కూడా పాటించాలి. ప్రమాదం లేని గుట్టల మీద వారిద్దరికీ పేచీ అక్కరలేదు. కాలువను శుభ్రపరచవచ్చు, వాలును వట్టిగానే ఉంచవచ్చు. పైన సారవంతమైన మట్టి పోసి గడ్డి చల్లే పాత అలవాటును మానుకుంటే ఖర్చు కూడా తగ్గుతుంది. ఈ మధ్యేమార్గాన్ని ప్రతి గుట్ట దగ్గరా విడివిడిగా, కొలతలు తీసి, జీవులను లెక్కించి తేల్చవలసిందే. రెండువేల ఐదు వందల గుట్టలలో జీవుల లెక్క పూర్తిగా తీసినవి ఇంకా కొద్దే.